అతుకుల బొంత : ఒక పునర్విచారము

సాహిత్య విమర్శకుల చేతనున్న నిందావాక్యములలో 'అతుకుల బొంత' యనునది మిక్కిలి పాతది. కావ్యమున సంధానము కుదరనిచో, నాటకమున అంకమునకు అంకమునకు పొత్తు లేనిచో, ఆ మాట యొక్కటి పలికి విమర్శకుడు చేతులు దులుపుకొనును. ఆ మాట గ్రంథములను దాటి మన యిండ్లలోనికి కూడ వచ్చినది. పెండ్లికో పేరంటమునకో రాయచూరు వచ్చిన కోస్తా బంధువులు మన పిల్లల మాటలు విని, "ఇదేమి తెలుగర్రా, అతుకుల బొంత!" యని నవ్వుట మనలో విననివారు అరుదు. ఒక వాక్యమున కన్నడపు మాట యొకటి, దక్కనీ మాట యొకటి పడుటయే ఆ నవ్వునకు కారణము.

ఆ నవ్వునకు మేము నొచ్చుకొనలేదు. కాని మాకొక సందేహము కలిగినది. బొంతను నిందగా వాడువారు బొంతను ఎన్నడైనను శ్రద్ధగా చూచిరా? ఏ వస్తువునైనను దాని ధర్మమును బట్టి విలువ కట్టవలెననుట విమర్శకు మొదటి సూత్రము గదా! కావ్యమునకు ఆ న్యాయము చేయువారు బొంతకు ఏల చేయరాదు? ఈ వ్యాసమున మేము బొంతను ఒక రచనగా భావించి, దాని గుణదోషములను తూచ ప్రయత్నింతుము.

మన జిల్లాలో ఈ వస్తువునకు మూడు పేరులు కలవు. తెలుగువారికి ఇది బొంత, కన్నడిగులకు కౌది, దక్కనీ మాటలాడువారికి గుదడి. పొరుగున మరాఠీ దేశమున దీనిని గోధడి యందురు. సంస్కృతమున కంథ, వంగదేశపు 'కాంథా' ఆ మాటయే. భజగోవింద స్తోత్రమున కంథను ధరించిన యోగి కనబడును. బౌద్ధుల వినయపిటకమున ఇంకను విశేషమైన వృత్తాంతము కలదు. మగధదేశపు పొలములు గట్లతో, మళ్ళతో తీర్చియుండుట చూచి బుద్ధుడు, భిక్షువుల చీవరమును ఆ విధముగ కూర్పుమని ఆనందుని ఆదేశించెనట. ముక్కలను జోడించి కుట్టిన వస్త్రము ఆ సంఘమునకు గుర్తుగా నిలిచినది. 1915లో మస్కిలో బయల్పడిన అశోకుని శాసనము మన జిల్లాకు కీర్తి తెచ్చినది. ఆ శాసనము చెక్కించిన చక్రవర్తి గౌరవించిన భిక్షువులు ధరించినది అతుకుల వస్త్రమే యని మరువరాదు. సింధనూరు వరిమళ్ళను గట్టుమీద నిలిచి చూచినవారికి ఆ పోలిక వేరుగ వివరింప నక్కరలేదు.

బొంత పుట్టుటకు మన నేల తగినదే. కృష్ణా తుంగభద్రల నడిమి ఈ దోఆబు నల్లరేగడి ప్రత్తికి ప్రసిద్ధము. ప్రత్తి విపణి, జిన్నింగు మిల్లులు రాయచూరు పట్టణమునకు పేరు తెచ్చినవి. ఇచ్చటి తెలుగు క్రొత్తది కాదు. రాయచూరు కోటలోని 1294 నాటి పెద్ద శిలాశాసనము తెలుగుననే యున్నది. పిమ్మట 1953లో తుంగభద్ర జలాశయము నిండి, ఎడమ కాలువ పారిన మీదట, కోస్తా జిల్లాల రైతులు సింధనూరు, మాన్వి ప్రాంతములకు వచ్చి క్యాంపులు వేసికొనిరి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము చీలి, మన జిల్లా మైసూరు రాష్ట్రమున కలిసినది. 1973లో ఆ రాష్ట్రమే కర్ణాటక యైనది. అట్లు వచ్చిన కుటుంబములకు మొదటి యేండ్లలో మంచములు చాలవు, పరుపులు లేవు. గుడిసె నేలమీద పరచుకొన్నవి, చలికి కప్పుకొన్నవి బొంతలే.

ఇంకొక సంగతి. అతుకు తప్పని తలచువారు మన చుట్టునున్న నేతను గమనింపవలెను. తూర్పున గద్వాల; పడమర ఇల్కల్. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. రెండు జాతుల పోగులను మగ్గముమీదనే జోడింతురు. ఇల్కల్ చీరలో ఒడలి పడుగును, కొంగు పడుగును కొండి వేసి కలుపుదురు. ఆ ఎఱ్ఱని కొంగే దానికి వన్నె. ఈ రెండును మన ఆడువారు పెండ్లిపందిట కట్టుకొని తిరుగు చీరలు. రెంటికిని అందము జోడింపులోనే యున్నది. వానిని అతుకుల చీరలని యెవరును ఈసడింపరు. కనుక దోషము అతుకున లేదు. అతుకు కుదరకపోవుట యందున్నది. ఈ విభాగము తెలియకయే 'అతుకుల బొంత' యను తిట్టు పుట్టినది.

ఇక బొంత కుట్టు తీరు. వేసవిలో పొలము పనులు సన్నగిల్లినపుడు పాత చీరలను, ధోవతులను, లుంగీలను ఉతికి, గంజి పోవునట్లు జాడించి, ఎండవేయుదురు. నేలమీద ఒక చీరను పరచి, దానిపై చిరుగు బట్టలను పొరలుగా పేర్చి, ఎచ్చట పలుచనో అచ్చట మరియొక ముక్క వేసి, పైన బాగుగానున్న మరియొక చీరను కప్పుదురు. ముడుతలు లేకుండ చేతితో సాపు చేసి, అంచులు మడిచి, అచ్చటచ్చట టాకాలు వేయుదురు. పిమ్మట పెద్ద సూదితో, లావు నూలుదారముతో, అంచు వెంట మొదలుపెట్టి చుట్టు తిరిగి లోనికి లోనికి పోవుదురు. కుట్టు సాదాది, సూది పైకి వచ్చుట, క్రిందికి పోవుట. అంతకు మించిన రహస్యము లేదు.

కాని ఈ సాదా కుట్టుననే బొంత ప్రాణమున్నది. ఏండ్ల తరబడి కట్టి ఉతికిన చీరను ఒంటిగా పట్టి లాగిన చిరుగును. అట్టి నాలుగైదు పొరలను అంగుళమునకొక వరుసగా కుట్టి కలిపినచో, లాగిన బలము ఒక్క పొర మీద పడక అన్నిటికిని పంచుకొనబడును. ఒకచోట చిరిగినను ఆ చిరుగు దగ్గరి కుట్టు వరుసకడ ఆగును. పొరల నడుమ చిక్కిన గాలి వెచ్చదనము నిచ్చును. బలహీనమైన వానిని కలిపి బలమైన వస్తువును చేయుట బొంత ధర్మము. దానిని పరీక్షించువాడు మూడు విషయములు చూడవలెను: పొరలు ఎగుడుదిగుడు లేక పరుచుకొన్నవా? కుట్టు మొదటినుండి చివరివరకు తెగక నడచినదా? రంగులు ఒకదానినొకటి చంపుకొనక నిలిచినవా?

ఈ కొలతతో మేము చూచిన ఒక బొంతను పరిశీలింతము. సింధనూరు తాలూకాలోని ఒక క్యాంపున, ఒక వృద్ధురాలి యింట అది కలదు. పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగడుగులు. పైపొర వెలిసిన నీలిగళ్ళ నేతచీర. అడుగున తెల్లని ధోవతి. అంచు చుట్టును ఒక పాత ఇల్కల్ కొంగును చీల్చిన ఎఱ్ఱని పట్టీలు. ఒక మూల పసిపిల్ల గౌను ముక్క, పూల అచ్చుది. కుట్టు దీర్ఘచతురస్రములుగ ఒకదానిలోనొకటి యిమిడి నడుమకు చేరినది.

దీని గుణమేమన, మొదట కుట్టు. వరుసలు స్కేలు పెట్టి గీచినట్లు లేవు గాని, ఒకదానితో నొకటి సరితూగుచు నడచినవి. చేయి అలసినచోట కుట్టు కొంచెము పెద్దదైనది, మరల చిన్నదైనది. రెండవది, ఎఱ్ఱని పట్టీల వలన వెలిసిన నీలమునకు గట్టి హద్దు కుదిరినది. దోషము నడుమనున్నది. అంచునుండి లోనికి కుట్టుకొని వచ్చుటచేత మిగులు బట్ట నడిమికి నెట్టబడి కొంత ఉబ్బినది. ఆ యమ్మ దానిని దాచుటకు ఒక నలుచదరపు ముక్కను వేసి కుట్టినది. అది తెలివియే గాని, తప్పు తప్పే. మూలనున్న గౌను ముక్క రంగునకు పొసగదు. ఏల వేసితిరని అడుగగా, "అది మా పెద్దమ్మాయిది నాయనా, పారవేయ మనసొప్పలేదు" అని యామె చెప్పినది. కళా విమర్శకుడు ఆ ముక్కను తీసివేయుమనును. మేమట్లు చెప్పజాలము, బొంత కేవలము కంటికొరకు కుట్టినది కాదు. ఐనను ఆ ముక్క ప్రేమకు సాక్ష్యమే గాని కూర్పునకు అలంకారము కాదని ఒప్పుకొనవలెను.

మన బొంతలకు లేని నేర్పు పొరుగువారికి కలదని చెప్పుట కూడ విమర్శకుని విధి. మన రాష్ట్రముననే ఉత్తర కన్నడ జిల్లా హళియాళ, యల్లాపుర ప్రాంతములలో సిద్దీలున్నారు. వారి పూర్వులు ఆఫ్రికానుండి వచ్చినవారు. వారి స్త్రీలు కుట్టు కవండి కూడ అంచునుండి లోనికే సాగును. కాని వారు ముదురు రంగులను ధైర్యముగ ఎదురెదురుగ నిలుపుదురు. నాలుగు మూలలను త్రికోణపు మడతలతో ముగింతురు. ఆ మడతలకు 'పూలు' అని పేరు. పూలు లేని కవండి దిగంబరమని వారి భావము. అమెరికా ఆచార్యుడు హెన్రీ డ్రూవల్ తోడ్పాటుతో 2004లో ఆ స్త్రీలు ఒక సహకార సంఘముగ ఏర్పడిరి. వంగదేశపు కాంథాలో నడుమ పద్మము, మూలల వృక్షములు, పాత చీర అంచులనుండి తీసిన రంగు పోగులతో మెరయును. స్టెల్లా క్రామ్‌రిష్ 1939లోనే దానిపై విద్వద్వ్యాసము వ్రాసినది. మన బొంతకు అట్టి వ్యాసకర్త దొరకలేదు. నిజము చెప్పవలెనన్న అట్టి చిత్రకల్పనయు మన బొంతలలో తక్కువ. మనవారు మూలలను గురించి ఆలోచింపరు. నడుమనుండి నలుదెసలకు కుట్టిన ఉబ్బు పోవునని తెలిసినను అలవాటు మానరు.

ఇక అంగటి సరకును చూతము. అమెరికాలో 1971లో న్యూయార్కు నగరపు విట్నీ మ్యూజియమున బొంతలను చిత్రములవలె గోడలకు వ్రేలాడదీసి ప్రదర్శించిరి. నాటినుండి అచ్చట ఆ కళకు క్రొత్త ఊపు వచ్చినది. 1979లో జపాను దేశపు ఓల్ఫా సంస్థ చక్రపు కత్తిని తెచ్చిన పిమ్మట బట్టను కోయు పని సులభమైనది. ఇప్పుడు బొంతలకొరకే ప్రత్యేకముగ నూలుబట్టను అచ్చువేయుదురు. అయిదంగుళముల చదరపు ముక్కలు, రెండున్నర అంగుళముల పట్టీలు ముందే కోసి కట్టలుగ అమ్ముదురు. బట్ట అంచుమీద రూపకర్త పేరు అచ్చువేసియుండును. ఇంగ్లండులో స్థిరపడిన అమెరికా కళాకారుడు కాఫ్ ఫాసెట్ పేరట అమ్ముడగు బట్టలలో మన దేశమున నేసినవి కూడ కలవు. పడుగు నొక రంగు, పేక నొక రంగు వేసి నేసిన ఎండనీడ బట్టలవి. మన నేత సముద్రము దాటి, ముక్కలై, పేరు తెచ్చుకొని మరల అంగడి కెక్కుచున్నది.

ఆ పనిలోని నేర్పును మేము కాదనము. కోణములు కలియుట, కుట్టు కొలత తప్పకపోవుట, రంగులను ముందుగనే యోచించుట మనవారు నేర్చుకొనదగిన గుణములు. రూపకర్త పేరు బట్టమీద నిలుచుటయు మంచి ఆచారమే. కాని మా అభ్యంతరమొకటి. క్రొత్త బట్టను కోసి ముక్కలు చేసి మరల కుట్టుటలో అతుకునకు అగత్యము లేదు. అచ్చట అతుకు అలంకారము; ఇచ్చట అతుకు అవసరము. అవసరమునుండి పుట్టిన అందము వేరు. అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లెయందు, బానిసల సంతతివారైన నల్లజాతి స్త్రీలు పనిబట్టలను కుట్టి చేసిన బొంతలను 2002లో హ్యూస్టను, న్యూయార్కు మ్యూజియములలో చూచి జనులు ఆశ్చర్యపడిరి. 2006లో అమెరికా తపాలా శాఖ వానిమీద బిళ్ళలు విడుదల చేసినది. ఆ స్త్రీలు రంగుల శాస్త్రము చదువలేదు. ఉన్న బట్టతో లేనిదానిని పూరించిరి. మన క్యాంపు స్త్రీలు చేసినదియు ఆ పనియే.

మన పట్టణపు అంగళ్ళలో ఇంకొక విచిత్రము చూచితిమి. ఒకే బట్టమీద ముక్కల బొమ్మలు అచ్చువేసి, కుట్టు గీతలను కూడ అచ్చువేసి, 'ప్యాచ్‌వర్క్' దుప్పటి యని అమ్ముచున్నారు. అందు అతుకు లేదు, కుట్టు లేదు, పొర లేదు. అతుకుల బొంత యను నిందకు నిజముగ పాత్రమైనది అదియే. ఏలనన అది లోన ఏమియు కలుపక పైకి కలిపినట్లు నటించును.

మన యిండ్లలోని బొంతకు వచ్చిన ప్రమాదము వేరు. నూలుచీరలు తగ్గి పాలియెస్టరు చీరలు నిండినవి. ఆ బట్ట చెమట పీల్చదు; పొర మీద పొర జారును; సూదిని మొరాయించును; నిప్పురవ్వ తగిలిన కరగి అంటుకొనును. వేసవిలో వీథి వెంట వచ్చి చెట్టునీడన కూర్చుండి బొంతలు కుట్టు స్త్రీలకు ఆ బట్ట నిచ్చి, కుట్టు బాగులేదని కూలి తగ్గించుట మనవారికి పరిపాటి. తప్పు బట్టది, దండన చేతికి.

మేమును నిర్దోషులము కాము. మా తల్లిగారు పోయిన యేడాదికి, ఆమె పెట్టెలోని నూలుచీరలను వీథిలో పాతబట్టలు కొనువారికి ఇచ్చి ఒక స్టీలు గిన్నె తీసికొంటిమి. పెట్టె ఖాళీయైనదని సంతోషించితిమి. ఆరు నెలలకు మనుమరాలు పుట్టినది. పొత్తిళ్ళకు మెత్తని పాతబట్ట కావలెనని అడిగినపుడు ఇంట నూలుగుడ్డ ముక్క దొరకలేదు. క్రొత్త తువాళ్ళు కొని తెచ్చితిమి. ఆ గిన్నె నేటికిని వంటయింట నున్నది. దానిని చూచినపుడెల్ల ఆ లావాదేవి జ్ఞప్తికి వచ్చును.

కనుక మన కుటుంబములకును, బొంతలమ్ము అంగడివారికిని కొన్ని సూచనలు చేయ సాహసింతుము. మొదటిది: నూలుచీరలను అమ్మవద్దు, వేరుగ దాచుడు. రెండవది: పెద్ద బొంత కష్టమనుకొనువారు మూడడుగుల ఊయల బొంతతో ప్రారంభింపవచ్చును, మెత్తని పొరలు మూడు చాలును. మూడవది: గద్వాల, ఇల్కల్ చీరలు చిరిగినను వాని కొంగులు, అంచులు చాలకాలము నిలుచును, వానిని బొంతకు హద్దులుగ వేసినచో వన్నె వచ్చును. నాల్గవది: దర్జీ అంగళ్ళ నూలు కత్తిరింపులను చేరదీసి దిండు గలీబులకు, చాపమీద పరచు ఆసనములకు వాడవచ్చును. అయిదవది: నడుమనుండి బయటికి కుట్టు పద్ధతిని, మూలలను ముగించు నేర్పును పరుల నుండి సిగ్గుపడక గ్రహింపవలెను. ఆరవది, మాకు ముఖ్యమైనది: ప్రతి బొంత మూలను కుట్టినవారి పేరు, ఊరు, సంవత్సరము దారముతో కుట్టుడు. కూలికి కుట్టిన స్త్రీయైనను ఆమె పేరే అందుండవలెను. అంగటి బట్ట అంచున రూపకర్త పేరుండగా, నెలరోజులు వంగి కుట్టిన చేతికి పేరు లేకుండుట న్యాయము కాదు. వార్షిక సభలకు వచ్చునపుడు ఇంటింటినుండి ఒక్క బొంత తెచ్చి పందిట పరచినచో, మన రాక చరిత్ర కొంత ఆ బట్టలలోనే చదువవచ్చును.

ఇక మొదటి నిందకు మరలుదము. బొంతను పరీక్షించుటకు సులభమైన మార్గము దానిని తిరుగవేసి చూచుట. పైన ముక్కలు కనబడును. అడుగున కుట్టు కనబడును. మన పిల్లల మాటను కూడ అట్లే తిరుగవేసి చూడవలెను. "అజ్జీ, నేను సంతెకు పోయి బేగ వస్తాను" అని మన పిల్లవాడన్నచో, అజ్జీ, సంతె, బేగ యనునవి కన్నడపు ముక్కలు. కాని 'నేను', 'కు', 'పోయి', 'వస్తాను' అను దారము తెలుగుదే. దారము గట్టిగ నున్నంతకాలము ఆ మాటను చూచి నవ్వనక్కరలేదు. పొరుగువాని మాటను కలుపుకొని బ్రదికినవాని తెలుగది.

కాని అదే కొలతతో మనలను మనము కూడ కొలుచుకొనవలెను. కొన్ని యిండ్లలో పిల్లలు తెలుగున వాక్యము మొదలుపెట్టి ముగింపలేకున్నారు. నాయనమ్మ అడిగినదానికి తల యూపి వేరు భాషలో బదులిచ్చుచున్నారు. అచ్చట ముక్కలు తక్కువై కాదు, దారము తెగి బొంత విడిపోవుచున్నది. బంధువుల నవ్వునకు మనము జంకనక్కరలేదు గాని, ఆ తెగిన కుట్టునకు మాత్రము జంకవలెను. దానిని మరల కుట్టుట కష్టము కాదు. రాత్రి పడుకొనబోవు ముందు బొంత మీద కూర్చుండి పిల్లలకు ఒక్క కథ తెలుగున మొదలుపెట్టి తెలుగున ముగించిన చాలును.